అయిదొందల మంది భాషలో పాప్ ఆల్బమ్: పాట భాషను ఎంతవరకు మోయగలదు?

2018 మార్చిలో బ్రిటన్‌లో 'లె కోవ్' అనే పాప్ ఆల్బమ్ వచ్చింది. పది పాటలు, పదీ కార్నిష్ భాషలోనే. ఇంగ్లండ్ నైరుతి కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయినట్టుండే కార్న్‌వాల్ ప్రాంతపు భాష అది. 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ రెండిట్లో కలిపి కార్నిష్ తమ ప్రధాన భాష అని రాయించుకున్నవాళ్లు 557 మంది. మన దగ్గర ఒక మోస్తరు పెళ్లిలో అంతకంటే ఎక్కువ విస్తళ్లు లేస్తాయి.

పాడినామె గ్వెన్నో సాండర్స్. నాలుగేళ్ల తర్వాత, ఎక్కువ భాగం కార్నిష్‌లోనే చేసిన 'ట్రెసోర్' ఆల్బమ్ 2022లో మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితా దాకా వెళ్లింది. బ్రిటన్ సంగీతంలో అదో పెద్ద గుర్తింపు. దాంతో "పాప్ పాట భాషను బతికించేస్తోంది" అనే కథనాలు మొదలయ్యాయి. వినడానికి బాగుండే మాటే. కానీ పాట చేసే పని వేరు, భాష బతకడానికి కావలసినది వేరు.

క్లుప్తంగా: పాట మనుషుల చేత భాష మాట్లాడించడం అరుదు. అది చేసేది భాషకు కొత్త సందర్భాలు ఇవ్వడం, బయటివాళ్ల కంట పడేలా చేయడం. గ్వెన్నో పాడే మరో భాష వెల్ష్. వేల్స్‌లో పాట వెనక రేడియో, టీవీ, బడి, రాయల్టీ వ్యవస్థ ఉన్నాయి. కార్న్‌వాల్‌లో అవి నామమాత్రం. ఒకే గాయని, రెండు భాషలు, ఫలితాలు మాత్రం వేరు కావడానికి కారణం ఇదే.

ఇంట్లో రెండు భాషలు, వీధిలో మూడోది

గ్వెన్నో 1981లో వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో పుట్టారు. తండ్రి టిమ్ సాండర్స్ కార్నిష్‌లో రాసే కవి. పిల్లలతో ఆయన ఆ భాషలోనే మాట్లాడేవారు. తల్లి భాష వెల్ష్. ఊరి భాష ఇంగ్లిష్. కార్నిష్‌ను పుస్తకంలో కాకుండా ఇంట్లో నేర్చుకుని పెరిగినవాళ్లు ఈనాటికీ అతి కొద్దిమందే. చెల్లెలు కూడా 'అనీ గ్లాస్' పేరుతో ఈ రెండు భాషల్లో పాడుతున్నారు.

అయితే గ్వెన్నోకు మొదట పేరొచ్చింది ఇంగ్లిష్ పాటలతోనే. 2000ల మధ్యలో బ్రైటన్‌కు చెందిన 'ద పిపెట్స్' అనే అమ్మాయిల పాప్ బృందంలో ఆమె ఒకరు. అది విడిపోయాక సొంతంగా చేసిన తొలి ఆల్బమ్ 'అ దీడ్ ఓలవ్' 2014లో వెల్ష్‌లో వచ్చింది. చివరి పాట ఒక్కటే కార్నిష్. పేరుకు అర్థం 'ఆఖరి రోజు'. 1976లో అచ్చయిన ఒవైన్ ఒవైన్ వెల్ష్ సైన్స్ ఫిక్షన్ నవల పేరే అది. ఆ కథలో యంత్రాలు మనుషులను తమలాగా మార్చేస్తుంటే ఒకతను వెల్ష్‌లో డైరీ రాసుకుంటాడు, యంత్రాలకు ఆ భాష రాదు కాబట్టి. మెషీన్ ట్రాన్స్‌లేషన్ ఫోన్లోకి వచ్చేసిన ఈ రోజుల్లో ఆ కిటుకు పని చేయదు గానీ, చిన్న భాషకు పెద్ద భాషలు ఇవ్వలేని ఒక చాటు ఉంటుందనే ఊహ మాత్రం పాతబడలేదు. ఈ ఆల్బమ్‌కు 2015లో వెల్ష్ మ్యూజిక్ ప్రైజ్ వచ్చింది.

ఇంగ్లిష్‌లో పేరు తెచ్చుకున్నాక వెల్ష్‌కు, ఆ తర్వాత ఇంకా చిన్నదైన కార్నిష్‌కు వెళ్లడం మామూలుగా మార్కెట్ నడిచే దారికి ఎదురు. అందుకే పత్రికల దృష్టి పడింది.

ఒక భాషకు బైబిల్ దొరికింది, రెండో దానికి దొరకలేదు

వెల్ష్, కార్నిష్ రెండూ కెల్టిక్ కుటుంబంలో ఒకే శాఖవి. భూమి రెండిట్లోనూ 'తీర్', సముద్రం రెండిట్లోనూ 'మోర్'. అలాగని ఒకరి మాట ఒకరికి నేరుగా అర్థం కాదు. తెలుగు, గోండీ కూడా ద్రావిడ కుటుంబంలో ఒకే ఉపశాఖవి. ఆ దూరాన్ని గుర్తుంచుకుంటే చాలు.

16వ శతాబ్దంలో ఈ రెండు భాషల దారులు చీలాయి. 1549లో ఇంగ్లండ్ ప్రభుత్వం చర్చిల్లో లాటిన్ ప్రార్థనలు తీసేసి ఇంగ్లిష్ ప్రార్థన పుస్తకాన్ని తప్పనిసరి చేసింది. కార్న్‌వాల్ జనం తిరగబడ్డారు. తమలో కొందరికి ఇంగ్లిష్ అసలు రాదని, అందుకే ఈ కొత్త ఇంగ్లిష్ ఆరాధనను ఒప్పుకోబోమని తిరుగుబాటుదారులు తమ డిమాండ్లలో రాశారు. సైన్యం అణచివేతలో వేల మంది చనిపోయారు. కార్నిష్‌లోకి ఆ ప్రార్థన పుస్తకమూ రాలేదు, బైబిలూ రాలేదు. వేల్స్‌లో దీనికి పూర్తిగా వేరేగా జరిగింది. పార్లమెంటు 1563లోనే అనువాదానికి చట్టం చేసింది, 1588లో విలియం మోర్గన్ వెల్ష్ బైబిల్ అచ్చయింది. వారం వారం గుడిలో పెద్దగొంతుతో చదివే పుస్తకం ఉన్న భాషకు ఒక ప్రామాణిక రూపం, ఎంతో కొంత అక్షరాస్యత, గౌరవం సమకూరాయి. అది లేని భాష పడమటి పల్లెల వైపు జరుగుతూ పోయింది.

1777లో మౌజల్ అనే జాలరి ఊళ్లో డాలీ పెంట్రీత్ చనిపోయారు. కార్నిష్ మాతృభాషగా ఉన్న చివరి మనిషి ఆమేనని లోకం చెప్పుకుంది. తర్వాత కూడా కొంత భాష తెలిసినవాళ్లు ఉన్నారనడానికి ఆధారాలున్నాయి గానీ ఆ పేరే నిలిచిపోయింది. 1860లో నెపోలియన్ వంశానికి చెందిన ఒక యువరాజు, భాషావేత్త, ఆమెకు స్మారక శిల కూడా పెట్టించాడు. భాష చనిపోతే రాయి పడింది, బతికున్నప్పుడు బడి పెట్టినవాళ్లు లేరు.

1904లో హెన్రీ జెన్నర్ కార్నిష్ నేర్చుకునేందుకు ఒక పుస్తకం వేశాడు. మధ్యయుగపు మత నాటకాలు, ఊళ్ల పేర్లు, జాలర్ల నోట మిగిలిన ముక్కలు, వెల్ష్‌తోనూ, ఫ్రాన్స్‌లోని సోదర భాష బ్రెటన్‌తోనూ పోలికలు, వీటన్నిటినీ కలిపి భాషను తిరిగి కట్టడం అప్పుడు మొదలైంది. తిరిగి కట్టే పనిలో తగాదా తప్పదు. ఏ కాలపు కార్నిష్‌ను ప్రమాణంగా తీసుకోవాలి, స్పెల్లింగ్ ఎలా ఉండాలి అనే విషయం మీద 20వ శతాబ్దంలో మూడు నాలుగు వర్గాలయ్యాయి. కొన్ని వందల మంది భాషకు అన్ని స్పెల్లింగ్ పద్ధతులు! బయటివాళ్లకు నవ్వొచ్చినా ఇది అసలు సమస్య. బోర్డు మీద ఏం రాయాలో తేలకపోతే కౌన్సిల్ బోర్డే పెట్టదు, పాఠ్యపుస్తకం అచ్చు కాదు. 2008లో అందరూ ఒక ఉమ్మడి రాత పద్ధతికి ఒప్పుకున్నాకే ప్రభుత్వ వాడకం కాస్త కుదుటపడింది. సుమారు 30 లక్షల మంది మాట్లాడే గోండీని తెలుగు లిపిలో ఒకచోట, దేవనాగరిలో ఒకచోట రాస్తారు. ఆదిలాబాద్ వైపు గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లోని లిపి మరొకటి. జనం లక్షల్లో ఉన్నా రాత కుదరకపోతే ఇబ్బంది అదే రకం.

జున్ను, కంప్యూటర్, ట్రాఫిక్

'లె కోవ్' అంటే జ్ఞాపకాల చోటు. పేరు చూస్తే పోయిన భాష కోసం ఏడుపు పాటలనిపిస్తుంది. పాటల జాబితా చూస్తే అనుమానం తీరుతుంది. ఒక పాట పేరు 'జిన్ అమొంట్యా', కంప్యూటర్‌కు కార్నిష్‌లో కొత్తగా కట్టిన మాట. లెక్కలు కట్టే యంత్రం అని అర్థం. ఇంకొకటి ఎండలో ట్రాఫిక్ గురించి. మరొక పాట 'ఎస్ కేస్?', అంటే 'జున్ను (చీజ్) ఉందా?'. ఉంటే జున్నే తెమ్మని, లేకపోతే ఉన్నదే తెమ్మని చెప్పే ఒక పాత కార్నిష్ పలుకును తీసుకుని దాని మీద డాన్స్ బీట్ వేశారు.

చిన్న భాషలు ముందుగా పోగొట్టుకునేవి పెద్ద సందర్భాలను కాదు, రోజువారీ సందర్భాలను. ప్రతిజ్ఞకు, గీతానికి, ఉత్సవంలో మొదటి నాలుగు మాటలకు భాష మిగులుతుంది. సరుకులు కొనడానికి, కంప్యూటర్ రిపేరుకు, పోట్లాటకు, సరసానికి పెద్ద భాష వచ్చేస్తుంది. కార్నిష్ సరిగ్గా ఆ స్థితిలో ఉంది. 1928 నుంచి గోర్సెత్ అనే కవుల సభ ఏటా నీలం అంగీలు వేసుకుని ఉత్సవం చేస్తుంది, కార్నిష్‌లో ప్రమాణాలు చేస్తుంది. గౌరవానికి లోటు లేదు. లేనిదల్లా తేలికతనం. జున్ను గురించి పాడే పాప్ పాట భాషకు ఇచ్చేది ఆ తేలికతనాన్నే. పీఠం మీద కూర్చోబెట్టిన భాష కాళ్లు కిందికి దించినట్టు ఉంటుంది.

ఇదే ఆల్బమ్‌లోని ఇంకో పాట పేరు 'డెన్ హెబ్ తావెస్'. నాలుక లేని మనిషి అని అర్థం. నాలుక లేనివాడు నేలను పోగొట్టుకున్నాడు అనే కార్నిష్ సామెతను 1700 ప్రాంతంలో వెల్ష్ పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్ రాసిపెట్టుకున్నాడు. కార్నిష్‌లో 'తావెస్' అంటే నాలుకా, భాషా కూడా. నోరున్నవాడిదే రాజ్యం అనే మన మాటను తిరగేస్తే వచ్చేది దాదాపు ఇదే.

వినేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి ఈ మాటలేవీ అర్థం కావు. దీన్ని లోపంగా చూపిస్తారు గానీ అర్థం కాని భాషలో పాట వినడం మామూలు సంగతే, కొరియన్ పాటలు మోగే బస్సుల్లో అది రోజూ కనిపిస్తుంది. పాటలో భాష ముందు శబ్దంగా వెళుతుంది. కుతూహలం పుట్టినవాళ్లలో ఏ కొద్దిమందో అర్థం కోసం వెతుకుతారు. ఆ ఏడాది కార్నిష్ పరీక్షలు రాసేవాళ్లు 15 శాతం పెరిగారని, దానికి ఈ ఆల్బమ్ కూడా ఒక కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. మొత్తమే చిన్న సంఖ్య అయినప్పుడు శాతాలు పెద్దగా కనిపిస్తాయి, అది వేరే సంగతి.

వేల్స్‌లో పాట ఒంటరి కాదు

వెల్ష్‌లో పాడే గాయకుడి కాళ్ల కింద నేల వేరు. ఆ నేల కూడా ఊరికే దొరకలేదు.

1962లో రచయిత సాండర్స్ లూయిస్ రేడియో ప్రసంగం చేస్తూ, పోరాడకపోతే వెల్ష్ 21వ శతాబ్దం మొదట్లోకి చచ్చిపోతుందని హెచ్చరించారు. అదే ఏడాది వెల్ష్ భాషా సంఘం పుట్టింది. 1965లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం కాపెల్ కెలిన్ అనే వెల్ష్ పల్లెను జలాశయంలో ముంచేశారు. ముంపు గ్రామం అంటే ఏమిటో తెలుగు పాఠకులకు వివరించక్కర్లేదు. 1969లో గాయకులు దావిద్ ఇవాన్, హ్యూ జోన్స్ తదితరులు పెట్టిన 'సైన్' రికార్డు కంపెనీ తొలి రికార్డు ఆ ముంపు గురించినదే, పేరు 'దూర్', అంటే నీళ్లు. మరుసటి ఏడాది రోడ్డు బోర్డుల మీద వెల్ష్ ఉండాలన్న ఉద్యమంలో దావిద్ ఇవాన్ జైలుకెళ్లారు. పాట, ఉద్యమం, కంపెనీ మూడూ ఒకే చేతుల్లో ఉండేవి.

1977లో బీబీసీ వాళ్ల వెల్ష్ స్టేషన్ రేడియో కమ్రి వచ్చింది. వెల్ష్ టీవీ చానల్ పెడతామన్న హామీని ప్రభుత్వం వెనక్కి తీసుకున్నప్పుడు 1980లో వెల్ష్ జాతీయవాద పార్టీ ప్లయ్డ్ కమ్రి నాయకుడు గ్విన్‌వర్ ఎవాన్స్ ఆమరణ దీక్షకు కూర్చుంటానని ప్రకటించారు. దీక్ష మొదలు కాకముందే ప్రభుత్వం దిగొచ్చింది. 1982 నవంబరులో ఎస్4సి చానల్ మొదలైంది. దావిద్ ఇవాన్ 1983లో చేసిన 'అమా ఓ హీడ్' (ఇంకా ఇక్కడే ఉన్నాం) అనే పాట నలభై ఏళ్ల తర్వాత 2022 ప్రపంచ కప్‌లో వేల్స్ ఫుట్‌బాల్ జట్టు పాటయింది. స్టేడియంలో పాడినవాళ్లలో వెల్ష్ మాట్లాడలేనివాళ్లూ బోలెడు మంది.

డబ్బు ఎలా నడుస్తుందో చూడకుండా ఈ కథ అర్థం కాదు. రేడియోలో పాట మోగితే రాసినవాడికి రాయల్టీ వస్తుంది. బ్రిటన్‌లో ఆ వసూలు, పంపకం పీఆర్ఎస్ అనే సంఘం చేస్తుంది. 2007లో లెక్క కట్టే పద్ధతి మారాక వెల్ష్ పాటల రాబడి బాగా పడిపోయింది. పెద్ద భాషలో పాట ఎన్నో స్టేషన్లలో మోగుతుంది, వెల్ష్ పాటకు ఉన్నది దాదాపు ఒకటే స్టేషన్. ఆ ఒక్క స్టేషన్ ఇచ్చే రేటు తగ్గితే ఇంటి ఖర్చే ఆగిపోతుంది. వందల మంది రచయితలు తమ ప్రసార హక్కులు తీసుకుని 'ఎయోస్' అనే సొంత సంఘం పెట్టుకున్నారు. 2013 జనవరి నుంచి కొన్ని వారాల పాటు రేడియో కమ్రి వాళ్ల పాటలు వేయలేక ప్రసార సమయం తగ్గించుకోవాల్సి వచ్చింది. ఇది పైకి చిన్న గొడవలా కనిపించినా చాలా చెబుతుంది. స్టేషన్‌కు పాటలు కావాలి, పాటలకు స్టేషన్ కావాలి. కార్నిష్ పాటకు ఇలా గొడవ పడేందుకు అసలు స్టేషనే లేదు. స్థానిక బీబీసీ రేడియోలో వారానికి కొద్ది నిమిషాల కార్నిష్ వార్తలు తప్ప.

స్ట్రీమింగ్ ఈ లెక్కను కొంత మార్చింది. 2018 చివర్లో 'ఆల్ఫా' అనే ఇద్దరు కుర్రాళ్ల రాక్ బృందం పాట స్పాటిఫైలో పది లక్షల సార్లు మోగిన తొలి వెల్ష్ పాటయింది. ప్లేలిస్టుకు భాషతో పని లేదు, మూడ్‌తోనే పని. కాబట్టి చిన్న భాషకు బయటి శ్రోతలు దొరుకుతారు. అయితే స్ట్రీమింగ్ ఇచ్చే చిల్లరతో ఇల్లు గడవదు.

లెక్కలు ఏమంటున్నాయి

ఇంత వ్యవస్థ ఉన్న వెల్ష్ పరిస్థితి ఏమిటంటే, 2011 జనాభా లెక్కల్లో వేల్స్‌లో వెల్ష్ మాట్లాడగలమన్నవాళ్లు 5.62 లక్షలు, అంటే 19 శాతం. 2021లో 5.38 లక్షలు, 17.8 శాతం. తగ్గుదల ఎక్కువగా కనిపించింది 3 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో. 2050 నాటికి పది లక్షల మంది కావాలన్నది వేల్స్ ప్రభుత్వ లక్ష్యం. 1911లో ఆ సంఖ్యకు దగ్గరగా వచ్చి, అక్కడి నుంచి దిగుతూ వచ్చిన భాష ఇది. పాటలు మాత్రం ఈ పదేళ్లలోనే మంచి ఊపు మీదున్నాయి.

కార్నిష్ విషయంలో 2011లో 557, 2021లో 563. ఆల్బమ్ రాకముందు, వచ్చాక దాదాపు ఒకే అంకె. అయితే ఇక్కడ ప్రశ్న ఎలా అడిగారన్నది చూడాలి. వేల్స్‌లో 'వెల్ష్ వచ్చా?' అని విడిగా అడుగుతారు. కార్నిష్‌కు అలాంటి ప్రశ్న లేదు. 'ప్రధాన భాష ఏది?' అన్నచోట చేత్తో రాసినవాళ్లే లెక్కకొస్తారు. సాయంత్రం క్లాసులో నేర్చుకున్నవాళ్లు అలా రాయరు కదా. కాబట్టి ఈ అంకెతో పాట ప్రభావాన్ని కొలవడం కుదరదు, పాట విఫలమైందనీ చెప్పలేం.

ప్రభుత్వ గుర్తింపు వైపు కదలిక ఉంది, డబ్బు మాత్రం వస్తూ పోతూ ఉంది. 2002లో బ్రిటన్ యూరప్ మైనారిటీ భాషల ఒప్పందం కింద కార్నిష్‌ను గుర్తించింది. 2010లో యునెస్కో 'అంతరించింది' అన్న ముద్ర తీసేసి 'తీవ్ర ప్రమాదంలో ఉంది' అని మార్చింది. 2014లో కార్నిష్ ప్రజలకు జాతీయ మైనారిటీ హోదా వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే, 2016లో, భాషకు ఏటా ఇచ్చే సుమారు లక్షన్నర పౌండ్లను కేంద్రం ఆపేసింది. ఈ వాతావరణంలో టీవీలోనో పెద్ద వేదిక మీదో కార్నిష్ పాట వినబడితే, 'ఆ భాష ఎక్కడుంది?' అనే అధికారికి జవాబు దొరుకుతుంది. పాట చేసే రాజకీయ పని ఇంతే, కానీ తక్కువది కాదు.

ఇల్లు కొనలేని చోట

'ట్రెసోర్'లో ఒక్కటే వెల్ష్ పాట ఉంది, పేరు ఐదు పొడి అక్షరాలు. విప్పితే 'వేల్స్ అమ్మకానికి లేదు' అనే పాత ఉద్యమ నినాదం. భాషకు, రియల్ ఎస్టేట్‌కు సంబంధమేమిటంటే ఉంది. సముద్రం ఒడ్డు ఊళ్లలో బయటివాళ్లు సెలవుల ఇళ్లు కొంటే ధరలు పెరుగుతాయి. స్థానిక యువత కూలికి, ఉద్యోగానికి నగరాలకు పోతుంది. బడిలో పిల్లలు తగ్గుతారు, బడి మూతపడుతుంది. మిగిలిన ఊళ్లో ఏడాదికి పది నెలలు తాళాలే. నూటికి 64 మంది వెల్ష్ మాట్లాడే గ్వినెత్ జిల్లాలో ఇది పెద్ద తగాదా. 2023 నుంచి వేల్స్‌లో రెండో ఇళ్లపై కౌన్సిల్ పన్నును (స్థానిక ఇంటి పన్ను) మామూలుకు తోడు 300 శాతం దాకా అదనంగా వేసే వీలొచ్చింది. కార్న్‌వాల్ తీరానిదీ ఇదే బాధ. పాట ఇంటి ధర తగ్గించలేదు. ఆ ధరకూ భాషకూ ఉన్న ముడిని మాత్రం పాటలో పెట్టొచ్చు.

ఈ భాషల ప్రయాణంలో మన దేశం కూడా ఒక మూల ఉంది. 1841లో వెల్ష్ మిషనరీ థామస్ జోన్స్ చిరపుంజి చేరి ఖాసీ భాషకు రోమన్ అక్షరాల్లో రాత కుదిర్చాడు. ఈనాటి ఖాసీ స్పెల్లింగులో వెల్ష్ అలవాట్లు కనిపిస్తాయి. 1856లో పుట్టిన వేల్స్ జాతీయ గీతం బాణీనే కార్న్‌వాల్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తమ గీతాలకు వాడుకున్నాయి, ఖాసీలు కూడా. తన దేశంలో బడిలో నోరు మూయించిన భాష, కొండల అవతల ఇంకో భాషకు అక్షరాలిచ్చింది. సామ్రాజ్యం నీడలోనే ఆ మిషనరీలు వచ్చారన్నదీ మరువరాదు.

మళ్లీ ఇంగ్లిష్‌లోకి

2025లో వచ్చిన గ్వెన్నో ఆల్బమ్ 'యుటోపియా' ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంది. భాషా ప్రచారకురాలిగా చూసేవాళ్లకు ఇది వెనకడుగులా అనిపించొచ్చు. కానీ మూడు భాషల్లో బతికిన మనిషి మూడింట్లోనూ పాడటంలో వింతేముంది? అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. వెల్ష్‌లో ఒక గాయని భాష మార్చుకుంటే వెనక వంద మంది ఉన్నారు. 2019లోనూ 2022లోనూ వెల్ష్ మ్యూజిక్ ప్రైజ్ గెలిచిన 'అద్వైథ్' బృందం లాంటివాళ్లు వెల్ష్‌లోనే పాడుతున్నారు. కార్నిష్‌లో ఒక గాయని పక్కకు జరిగితే బయటి లోకానికి ఆ భాష గొంతే తగ్గినట్టు వినబడుతుంది. అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో ఇప్పుడు 'గో కార్నిష్' కార్యక్రమం పిల్లలకు రంగుల పేర్లు, అంకెలు, పలకరింపులు నేర్పుతోంది. జున్ను పాట వాళ్లకు బాగా సరిపోతుంది, మాటలు తక్కువ, మళ్లీ మళ్లీ వస్తాయి.